లాస్లో చేతి పని

లేని మనిషి మీద అసూయ పడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు వేసవిలో, మే నుంచి ఆగస్టు దాకా, లాస్లో అనే హంగేరీ ముసలాయన మీద నేను అసూయతో ఉడికిపోయాను. అతను ఎక్కడా పుట్టలేదు. పుట్టించింది నా భర్త వెండెల్. పెంచటంలో మాత్రం నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది. చెప్పబోయే కోపంలో కొంత నా మీద నాకున్నదే.

మే మొదటి ఆదివారం మా క్లబ్బులో ఆ ఏడాది తొలి పిస్తోలు పోటీ. పాడుబడ్డ రాతిగనిలో యాభై గజాల దూరాన దూలాలు పాతి, వాటికి కాగితాలు తగిలిస్తారు. మగవాళ్లు వరసగా నిలబడి కాలుస్తారు. ఆడవాళ్లం రేకుల షెడ్డులో కూర్చుని, దించి తెచ్చిన కాగితాల మీద చిల్లులు చూసి మార్కులు వేస్తాం. ఆడవాళ్లు కాల్చకూడదన్న రూలేమీ లేదు. అలాంటి రూలు ఒకటి రాసుకోవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

వెండెల్ కాగితం నా చేతికే వచ్చింది. వందకు తొంభై నాలుగు. ఆరేళ్లుగా ఎనభై దాటని మనిషి. నేను రెండుసార్లు చూసి, అంకె వేసి, పెన్సిల్ కింద పెట్టి బయటికి చూశాను. అప్పటికే వాళ్లు అతని చుట్టూ మూగారు.

"ఒరే వెండెల్, దీన్ని బాగుచెయ్యటానికి ఎవర్ని పట్టుకున్నావురా?" అని అడిగాడు హోబర్ట్ పెంక్. నది మీద బొగ్గుపడవలు నడిపి రిటైరైన మనిషి. మెచ్చుకోవటం అతని ఒంటికి పడదు. పిస్తోలు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తున్నాడు. "చప్పుడే లేదు. నాది ఊపితే సొరుగులో చెంచాల్లాగా గలగలమంటుంది."

"ట్రిగ్గర్ నొక్కి చూడండి, గాజుపుల్ల విరిగినంత శుభ్రంగా తెగుతోంది," అన్నాడు పళ్ల డాక్టరు ఆల్విన్ రూడ్.

వెండెల్ ఒక్కసారి షెడ్డు వైపు చూశాడు. నేను కనబడ్డాను. నేను కనబడ్డానని నాకు తెలిసేలాగే చూశాడు. తర్వాత తల తిప్పుకుని, "ఏటి అవతల ఒక ముసలాయన ఉన్నాడ్లే," అన్నాడు.

"పేరు?"

"లాస్లో. హంగేరీ నుంచి వచ్చినవాడు."

"అదీ! అనుకుంటూనే ఉన్నా," అన్నాడు రూడ్. "వాళ్లకి ఆ పని చేతుల్లోనే ఉంటుంది. మనవాళ్లకి ఎక్కడొస్తుంది?"

ఇంటికొచ్చే దారిలో మూడు మైళ్లూ నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కారు ఇంటి ముందు ఆపి, తాళం తియ్యకుండా అన్నాడు వెండెల్. "వాళ్ల సంగతి నీకు తెలీదు వర్నా. 'పెళ్లాం పాలిష్ పెట్టింది, వీడు కాల్చాడు' అంటారు. ఇవాళ్టితో పోదు. చచ్చేదాకా అంటారు."

"అందుకని హంగేరీ నుంచి మనిషిని దించావా?"

"నోటికొచ్చింది, అన్నాను." అని, ఉన్నట్టుండి వీపు వంచి, ఒక కన్ను మూసి, చేతిలో లేని భూతద్దంతో లేని పిస్తోలును పరీక్షించటం మొదలుపెట్టాడు. గొంతు బొంగురు చేసి, "పో పో! వచ్చే నెల రా!" అన్నాడు. వెండెల్‌కి మనుషుల్ని అనుకరించటం బాగా వచ్చు. నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "పెళ్లాం పోయినవాడై ఉండాలి," అన్నాను. "ఉంటే ఆవిడతో మాట్లాడతామని ఎవరో ఒకరు బయల్దేరతారు. ఒక కుక్క కూడా ఉండాలి. కరిచే కుక్క."

అలా మేమిద్దరం కారులో కూర్చుని అతనికి ఒక ఇల్లు, ఒక కుక్క, ఒక దుఃఖం ఇచ్చాం.

*

ఆ పిస్తోలు నలభై అయిదు క్యాలిబర్ పాత సైన్యపు సరుకు. సైన్యం దాన్ని కావాలనే వదులుగా చేయిస్తుంది. బురదలో పడినా, ఇసుక నిండినా పేలాలని. ఆ వదులే పోటీలో శాపం. స్లైడు, అంటే వెనక్కీ ముందుకీ జారే ఆ పై తొడుగు, ప్రతి గుండుకీ ఒక్కో చోట కూర్చుంటుంది. గుండు కూడా ఒక్కో చోటికి పోతుంది.

నేను పనిచేసేది కొలతదిమ్మెలు, అంటే మిగతా కొలతల్ని సరిచూసే దిమ్మెలు, చేసే కార్ఖానాలో, రెండో షిఫ్టు. ఉక్కు దిమ్మెల ముఖాల మీద నూనె, మెత్తటి పొడి వేసి రుద్దుతాం. రెండు దిమ్మెల్ని కలిపి తిప్పితే గాలి కూడా చొరకుండా అతుక్కుపోయేదాకా రుద్దుతాం. ఆ గదిలో పన్నెండుమందిమీ ఆడవాళ్లమే. మగవాళ్ల చేతులు వేడి, ఉక్కును ఉబ్బిస్తాయి అని మా ఫోర్‌మన్ అనేవాడు. అది నిజమో కాదో నాకు తెలియదు కానీ, ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాక, చూపుకు దొరకని ఎత్తుపల్లాలు నా వేలిచివరకు దొరికేవి.

అంతకుముందు చలికాలం మా ఇంటి నేలమాళిగలో వెండెల్ పిస్తోలును ముక్కలు ముక్కలుగా విప్పి బల్ల మీద పరిచాను. నన్ను ఎవరూ అడగలేదు. అది అలా గలగలమంటుంటే నాకు పళ్లు పులిసేవి. స్లైడు జారే పట్టాలను వెంట్రుకవాసి కిందికి దించి, స్లైడును వాటి మీద రుద్దుతూ కూర్చున్నాను. జనవరి అంతా స్లైడు సగం దాకా వెళ్లి ఆగేది. ఫిబ్రవరిలో ఒక పొద్దున చూపుడువేలితో నెట్టాను. చివరిదాకా వెళ్లింది, నీళ్లలో పడవ వెళ్లినట్టు. అప్పుడు నాకు కలిగిన దాన్ని సంతోషం అనలేను. ఒంటరితనం లాంటిదే, కానీ నొప్పి లేనిది.

ట్రిగ్గర్ పని చివర్న చేశాను. పిస్తోలు లోపల పట్టుముక్క అని ఒకటుంటుంది, గోరంత ఉక్కు. తూటాను కొట్టే సుత్తిని పట్టుకుని ఉండేది అదే, వేలు నొక్కితే వదిలేదీ అదే. దాని అంచు ఎంత నున్నగా, ఎంత తిన్నగా ఉంటే ట్రిగ్గర్ అంత శుభ్రంగా తెగుతుంది. పోటీ రూలు ప్రకారం ట్రిగ్గర్ లాగే బరువు మూడున్నర పౌన్లకు తగ్గకూడదు. నేను నాలుగు దగ్గర ఆపాను. ఆ అరపౌను దయ కోసం వదిలింది. ఉక్కుకూ దయ ఉండాలి.

బాగుచేసినదాన్ని కాల్చి చూడకుండా ఇవ్వలేం కదా. పొద్దుటిపూట గనిలో ఎవరూ ఉండరు. జేబులున్న గౌను నాకు లేదు, అందుకని వెండెల్ పాత కోటు వేసుకుని వెళ్లేదాన్ని. ఈ పోటీలో కుడిచెయ్యి చాచి ఒంటిచేత్తో కాల్చాలి, ఎడమచెయ్యి ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. నేను కోటు జేబులో దాచుకునేదాన్ని. ఏప్రిల్లో ఒక రోజు తొంభై ఆరు పడింది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశాను. ఎందుకు వేశానో అప్పట్లో నాకు తెలియదనుకున్నాను. తెలుసు. వెండెల్ చూడకూడదని.

*

జూన్‌లో పిస్తోళ్లు రావటం మొదలైంది. ఒక్కొక్కరూ గుడ్డలో చుట్టి వెండెల్‌కి ఇచ్చేవాళ్లు. లోపల ఒక చీటీ. "లాస్లో గారికి. గురి ఎడమకు లాగుతోంది." "అయ్యా, తొందర లేదు, మీ ఆరోగ్యం జాగ్రత్త." ఆ మనిషికి గుండెజబ్బు ఉందని వెండెల్ ఎప్పుడు చెప్పాడో మరి.

పొద్దున అయిదింటికి లేచి కార్ఖానాకు వెళ్లేదాకా నేను చేసేదాన్ని. పనిలో కూర్చుంటే కోపం ఉండేది కాదు. ఉక్కుకి ఎవరు రుద్దుతున్నారో అక్కర్లేదు. చేతులు తుడుచుకుని పైకొచ్చినప్పుడు మొదలయ్యేది. ముందు అది కోపమని కూడా గుర్తుపట్టలేదు. ఆకలి అనుకునేదాన్ని. ఏదో ఒకటి తినేదాన్ని.

జూన్ చివర్న క్లబ్బు వనభోజనాల్లో ఆల్విన్ రూడ్ నా పక్కన కూర్చున్నాడు. అతని పిస్తోలు అంతకుముందు వారమే పూర్తిచేసి పంపాను. దాని గొట్టం మూతి దగ్గర బిగింపు కోసం తొమ్మిది పొద్దుటిపూటలు పట్టింది.

"నీకెలా చెప్పాలి వర్నా," అన్నాడు కోడికాలు కొరుకుతూ. "వంటింటి లెక్కలో చెబుతా. ఊరగాయ సీసాకి మూత ఉంటుంది చూడు. మూత వదులుగా ఉంటే?"

"కారుతుంది."

"ఆఁ! లాస్లో ఆ మూత బిగుతుగా చేస్తాడన్నమాట."

"మరీ బిగుతైతే? పిస్తోలు వేడెక్కితే ఇరుక్కుపోదూ?"

అతను నమలటం ఆపి, నా వైపు మెచ్చుకోలుగా చూశాడు, తోక ఊపిన కుక్కపిల్లను చూసినట్టు. "తెలివైనదానివే! అందుకేగా మరి లాస్లో కావాల్సింది. అది ఎక్కడ ఆపాలో వేలికి తెలియాలి. మాటల్తో చెప్పేది కాదది."

బల్లకు అవతల వెండెల్ ప్లేటులోకి చూస్తూ ఉన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. సిగ్గుతో అనుకున్నాను. నవ్వు ఆపుకోవటం వల్ల అని ఇంటికెళ్లాక తెలిసింది.

మర్నాడు క్లబ్బు పెద్ద ఎమరీ స్టాఫర్ గారి భార్య ఒక చెర్రీపళ్ల కేకు పంపింది. పెళ్లాం లేని మనిషి, ఏం తింటాడో ఏమిటో అని. నేనిచ్చిన దుఃఖమే కేకై తిరిగొచ్చింది.

వెండెల్ ఒక ముక్క తిని రెండోది కోసుకున్నాడు. "తిను. నీ కోసం పంపిందేగా."

"నా కోసం కాదు. లాస్లో కోసం."

"నువ్వేగా లాస్లో!"

"అయితే వెళ్లి ఆవిడతో ఆ మాట చెప్పిరా. తింటాను."

అతను కేకు నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "సీజన్ అయిపోనీ వర్నా. ఆగస్టులో జిల్లా పోటీ ఉంది. అది కాగానే నేనే చెబుతా, అందరి ముందూ. ఒట్టు."

నేను ఒప్పుకున్నాను. అతను వద్దన్నా నేనే చెప్పి ఉండొచ్చు కదా, నోరుందిగా అని ఇప్పుడనిపిస్తుంది. కానీ నాకు కావలసింది చెప్పటం కాదు. అతను చెప్పటం. ఆ పని నాదని అతని నోటి నుంచి వస్తే తప్ప నాది కాదేమో అన్నట్టు ఉండేది నాకు. దాన్ని తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

*

జూలైలో వెండెల్ గురి తప్పటం మొదలైంది. తొంభై రెండు, ఎనభై ఏడు, ఎనభై ఒకటి. పిస్తోలు మారలేదు. మారింది అతనే. తొంభై నాలుగు కొట్టాక, ప్రతి గుండుకీ అది మళ్లీ రావాలని చూసేవాడు. పేలబోయే క్షణాన వేలు పిస్తోలు మీద కాక, చూస్తున్నవాళ్ల మీద నొక్కేది. షెడ్డులో నా చేతికొచ్చే కాగితాల మీద అదంతా రాసి ఉండేది. చిల్లులన్నీ కిందికి, ఎడమకి. అది భయపడిన చేతి సంతకం.

"ట్రిగ్గర్ బరువుగా ఉంది," అన్నాడు ఒక రోజు నేలమాళిగ మెట్ల మీద నిలబడి. "కొంచెం తగ్గించు."

"ట్రిగ్గర్ బాగానే ఉంది."

"కాల్చేది నేనా, నువ్వా?"

"నీ వేలు తొందరపడుతోంది వెండెల్. తేలిక చేస్తే ఇంకా తొందరపడుతుంది. పైగా అంచు పల్చబడితే, ఒక్క నొక్కుకి రెండు పేలతాయి."

"అబ్బో! లాస్లో గారు సెలవిచ్చారు!" అని చప్పట్లు కొట్టి పైకెళ్లిపోయాడు.

ఆ తర్వాత వారంలో ఒక పొద్దున నా సానరాయి తడిగా ఉండటం చూశాను. పని కాగానే దాన్ని తుడిచిపెట్టడం నా అలవాటు. ముందురోజు మరిచిపోయి ఉంటాననుకున్నాను. అలా అనుకోవటానికి నన్ను నేను కొంచెం బలవంతపెట్టాల్సి వచ్చింది. అది కూడా గుర్తుంది.

*

ఆగస్టు రెండో ఆదివారం జిల్లా పోటీ. చుట్టుపక్కల నాలుగు క్లబ్బుల నుంచి వచ్చారు. పోటీకి ముందు ప్రతి పిస్తోలునూ తూచటం మా ఆనవాయితీ. ఖాళీ పిస్తోలు సుత్తి ఎక్కించి, మూతి ఆకాశం వైపు పట్టుకుని, ట్రిగ్గర్‌కు మూడున్నర పౌన్ల బరువు తగిలించి పైకెత్తుతారు. బరువు నేల వదిలి లేవాలి, సుత్తి పడకూడదు. స్టాఫర్ గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఆ బరువును పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతాడు. వెండెల్ పిస్తోలుకు బరువు లేచింది. ఒక్క క్షణం వణికి, నిలిచింది.

"అంచున ఉందయ్యా," అన్నాడు స్టాఫర్ గారు.

"లాస్లో అంటే అంతే కదండీ, వెంట్రుకవాసి లెక్క," అన్నాడు వెండెల్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాలుగు పౌన్ల దగ్గర నేను వదిలిన ట్రిగ్గర్ అంచున ఎలా ఉందో నేను షెడ్డులో కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. లేచి వెళ్లలేదు.

మెల్లగా కాల్చే వంతు గడిచింది. వేగంగా కాల్చే వంతు వచ్చింది, పది సెకన్లలో అయిదు గుండ్లు. ఈల మోగింది. ఇరవై పిస్తోళ్లు ఒకేసారి పేలుతుంటే ఒక్కదాని చప్పుడు పట్టుకోవటం కష్టం. అయినా నేను పట్టుకున్నాను. వెండెల్ మూడో నొక్కుకి రెండు మోతలు వచ్చాయి, గుడ్డ చించినట్టు ఒకదాని వెనకే ఒకటి. చెయ్యి పైకి ఎగిరింది. రెండో గుండు కాగితం పైనున్న దూలాన్ని చీల్చింది. పేళ్లు పక్కవాడి కాగితం మీద రాలాయి.

"ఆపండి! ఆపండి! అందరూ పిస్తోళ్లు కింద పెట్టండి!" స్టాఫర్ గారి గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అక్కడ రెండు పేలటం అంటే, మందు వాసన వేసే మనిషి పసిపిల్లల్ని ఎక్కించుకుని బస్సు నడపటం లాంటిది. పిస్తోలులో తూటాలు తీసి, స్లైడు తెరిచి బల్ల మీద పెట్టారు. అందరూ దాని చుట్టూ నిలబడ్డారు, దాన్ని ముట్టుకోకుండా.

"లోపల చెయ్యి పెట్టావా?" అనడిగాడు స్టాఫర్ గారు. "నిజం చెప్పు వెండెల్. సొంతంగా రాయి పట్టినవాడికి ఈ సీజన్‌లో ఇక్కడ చోటు లేదు. నీకు తెలుసు."

వెండెల్ మొహం తెల్లగా ఉంది. నేను అప్పటికి షెడ్డు గుమ్మం దాకా వచ్చాను. ఒట్టు పెట్టిన రోజు అదే. చెప్పేస్తాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. "నా భార్య వద్దంది, నేనే రుద్దాను" అంటాడని.

"నేనా? నాకేం తెలుసండీ ఆ పని?" అన్నాడు వెండెల్. "ఆ ముసలోడే. మొన్నీమధ్య చిన్న సర్దుబాటుకి ఇచ్చాను. చేతులు వణుకుతున్నాయి వాడికి, కళ్లు కూడా ఆనట్లేదు. ముసలితనం. పాడుచేసి పెట్టాడు."

"నేనన్లా!" అన్నాడు హోబర్ట్ పెంక్. "పరాయివాళ్ల చేతికిస్తే ఇంతే."

"అయితే లాస్లో చేసిన పిస్తోళ్లన్నీ ఇవాళ పక్కన పెట్టండి," అన్నాడు స్టాఫర్ గారు. "నాలుగో, అయిదో ఉన్నాయనుకుంటా. ఏదీ లైన్లో ఉండటానికి వీల్లేదు."

నలుగురు మగవాళ్లు తమ పిస్తోళ్ల దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. నా తొమ్మిది పొద్దుటిపూటల నుంచి ఆల్విన్ రూడ్ వెనక్కి జరిగాడు, పాము మీద కాలు పడబోయినట్టు.

మెప్పు వచ్చినప్పుడు లాస్లో మేమిద్దరం కలిసి కల్పించిన మనిషి. తప్పు వచ్చేసరికి లాస్లో నేనొక్కదాన్నే. అది అర్థమైన తర్వాత నా గుండె కొట్టుకోవటం మామూలైపోయింది. బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఆ పని నాది," అన్నాను.

ఎవరో నవ్వారు. వెండెల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎండగా ఉంది వర్నా. వెళ్లి కారులో కూర్చో."

"ఈ అయిదు పిస్తోళ్ల పనీ నాదే. లాస్లో లేడు. స్టాఫర్ గారూ, మీ భూతద్దం ఇస్తారా?"

ఆయన ఇచ్చాడు. ఎందుకిచ్చాడో నాకు తెలియదు. బహుశా పిల్లలు చెయ్యెత్తితే మాట్లాడనిచ్చిన అలవాటు. నేను పిస్తోలు విప్పాను. పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక నిమిషం పట్టిందేమో. నా చేతులు కదులుతుంటే గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోవటం వినబడింది. చెప్పిన మాట కంటే చేతులే ఎక్కువ చెప్పాయి. పట్టుముక్కను తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"అంచు మీద గీతలు చూడండి. నిలువుగా, సన్నగా ఉన్నవి నావి. వాటి మీద అడ్డంగా పడ్డవి చూడండి."

ఆయన చాలాసేపు చూశాడు. "అంచు గుండ్రమైపోయింది."

"గుండ్రమైతే సుత్తి జారుతుంది. అడ్డగీతలు నావి కావు."

"మరి ఎవరివి?" అన్నాడు హోబర్ట్.

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవటం దయ కాదు. నా పనిని నాదనటానికి వచ్చాను. అతని పని అతనిది, దాన్ని అతనే అనాలి. అందరూ వెండెల్ వైపు తిరిగారు. అతను దూలం మీద తెల్లగా చీలిన చోటు వైపు చూస్తున్నాడు.

స్టాఫర్ గారు పట్టుముక్కను నా చేతిలో తిరిగి పెట్టాడు. వెండెల్ చేతిలో కాదు. "వచ్చే ఏడు కలుద్దాం వెండెల్," అన్నాడు.

*

కారులో వెండెల్ అరవలేదు. అరిస్తే సులువుగా ఉండేది.

"ఆ ఒక్క మాట అనకుండా ఊరుకుంటే అయిపోయేది," అన్నాడు.

"ఊరుకున్నాను. నాలుగు నెలలు."

"పోయేది ఆ ముసలోడి పరువేగా వర్నా! లేని మనిషికి పరువేమిటి?"

అతను నిజంగానే అడిగాడు. అది అర్థం కాకే అడిగాడు. కారు ఆపమన్నాను. ఆపాడు. మిగిలిన దారంతా నడిచాను. ఆ ఎండలో, షెడ్డులో వేసుకున్న చెప్పులతో నడుస్తుంటే, పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి, ఇల్లు చేరగానే ఏం వండాలి అని కాక వేరే ఏదో ఆలోచిస్తున్నానని గమనించాను.

మర్నాటి నుంచి జనం రావటం మొదలైంది. నేలమాళిగలో ఇంకా మూడు పిస్తోళ్లు విప్పి ఉన్నాయి. ముగ్గురూ వచ్చారు. వరండా దాటి లోపలికి రాలేదు. "ఏం లేదమ్మా, కొన్నాళ్లు ఆగుదామని." ఒకాయన ముక్కల్ని నా ముందే గుడ్డ మీద పోసి, మరల్ని వేలితో లెక్కపెట్టుకున్నాడు. పోయిన నెల అదే మనిషి, లాస్లో ఆరోగ్యం జాగ్రత్త అని చీటీ రాశాడు. ఆల్విన్ రూడ్ తనదాన్ని పక్క రాష్ట్రంలో పేరున్న పనివాడికి పంపాడు. అక్కడివాడు విప్పి చూసి, ఇందులో నేను చెయ్యటానికేం లేదు, అని తిప్పి పంపించాడట. ఆ సంగతి నాకు చెప్పటానికి ఎవరూ రాలేదు. కిరాణా కొట్లో, నా వెనక వరసలో ఇద్దరు అనుకుంటుంటే విన్నాను.

వెండెల్ వెనకగదిలోకి మారాడు. వంటింట్లో నిలబడి తినేవాడు. నాతో ఒకటీ అరా అనేవాడు, "పాలు అయిపోయాయి" అని, "వాన వచ్చేలా ఉంది" అని. నా పేరు పెట్టి పిలవటం మానేశాడు. అతను బాధపడుతున్నాడని నాకు తెలుసు. ఆ బాధను నేను ఓదార్చాలని ఎదురుచూస్తున్నాడనీ తెలుసు. పన్నెండేళ్లుగా ఓదార్చిన చెయ్యి అలవాటుకొద్దీ లేచేది. దాన్ని పట్టుకుని కిందికి దించేదాన్ని.

పొద్దున అయిదింటికి లేవటం మాత్రం మానలేదు. బల్ల మీద ఏమీ లేదు. అయినా దీపం వేసుకుని కూర్చునేదాన్ని.

సెప్టెంబరు ఆఖరి శనివారం పొద్దున ఎవరో తలుపు బాదారు. కింది నుంచి నాకు వెండెల్ అడుగులు వినబడ్డాయి, తలుపు తీసిన చప్పుడు, తర్వాత హోబర్ట్ పెంక్ గొంతు.

"నీ కోసం రాలేదు. ఆవిడ ఉందా?"

వెండెల్ అడుగులు వెనక్కి వచ్చాయి. తర్వాత మెట్ల తలుపు తెరుచుకుంది.

"వర్నా," అన్నాడు వెండెల్. ఏడు వారాల తర్వాత. "నీ కోసం."

హోబర్ట్ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ దిగాడు. నేను జూన్‌లో చేసిచ్చిన పిస్తోలును గుడ్డ విప్పి, నా ముందు ఠపీమని పెట్టాడు. టోపీ తీశాడు. కనుబొమల మధ్య అర్ధచంద్రాకారంలో ఎర్రటి మచ్చ.

"ఇది చూడు! చూశావా? పేల్చిన ప్రతిసారీ ఖాళీ తూటా ఎగిరొచ్చి ఇక్కడే తగులుతుంది. పక్కకి పోవాల్సింది మొహం మీదికి వస్తోంది. నా పెళ్లాం, ఏమిటయ్యా పచ్చబొట్టు పొడిపించుకుంటున్నావా అని నవ్వుతోంది. జూన్ నుంచీ ఆ వెధవ లాస్లోకి చెప్పు, చెప్పు అని వీడి చెవిలో ఊదుతూనే ఉన్నా!"

"నాకు ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతున్నాగా! ఏం పనమ్మా ఇది? ఇలాగేనా చేసేది?"

స్లైడు తీసి వెలుగులో పెట్టాను. ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కేన్ని గోటితో నొక్కి చూశాను. వదులు. మిగిలినదంతా అంత బిగుతుగా చేసి, దీన్ని చూసుకోలేదు. ఆ వారం తొందరలో ఉన్నాను, వనభోజనాలకు సలాడ్ చెయ్యాలని.

తలెత్తాను. హోబర్ట్ భుజం మీదుగా, మెట్ల పైన, వెండెల్ ఇంకా తలుపు పట్టుకునే నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదే," అన్నాను. హోబర్ట్‌కి వినబడటానికి అంత గట్టిగా అననక్కర్లేదు.